మాంత్రికుడు, రాక్షసుడు, నాన్న: ఎస్.వి. రంగారావుగారి కథ

పిల్లలూ! ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో, నాన్నమ్మనో ఒక మాట అడగండి. వాళ్లు ఇండియాలో ఉంటే ఫోన్ చేసి అడగండి. ఘటోత్కచుడు ఎలా ఉంటాడో చెప్పమనండి.

ఘటోత్కచుడు అంటే మహాభారతంలో భీముడి కొడుకు. ఆయన అమ్మ హిడింబి. ఆ కథ ఎంతో పాతది. ఘటోత్కచుణ్ణి చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఫొటో కూడా లేదు. అయినా మీ తాతయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించరు. కొండంత మనిషి అంటారు, ఒత్తుగా మీసం అంటారు, భుజం మీద గద అంటారు, ఇల్లంతా దద్దరిల్లేలా నవ్వుతాడు అంటారు.

నిజానికి తాతయ్య చెప్పింది ఒక నటుడి గురించి. ఆయన పేరు ఎస్.వి. రంగారావు. 1957లో వచ్చిన మాయాబజార్ సినిమాలో ఆయన ఘటోత్కచుడిగా నటించారు. అప్పటి నుంచి తెలుగువాళ్లకు ఘటోత్కచుడు అంటే ఆ ముఖమే.

ఇంత పేరు వచ్చిన ఈ నటుడు మొదటి సినిమా ఆడకపోతే సినిమాలు వదిలేసి వెళ్లిపోయారని మీకు తెలుసా? మళ్లీ తిరిగి వచ్చినప్పుడు, ఇస్తామన్న వేషం కూడా ఆయనకు దక్కలేదు. ఆ కథే ఇప్పుడు చదువుదాం.

పేరులో ఏముంది?

ఎస్.వి. రంగారావు పూర్తి పేరు సామర్ల వెంకట రంగారావు. సామర్ల అనేది ఇంటిపేరు. మీరు ఉండే దేశంలో ఇంటిపేరు చివర రాస్తారేమో. తెలుగువాళ్లు దాన్ని ముందు రాస్తారు. అందుకే ఆయన పేరులో మొదటి అక్షరం ఎస్. తెలుగునాట చాలామంది ఆయన్ని ఎస్వీఆర్ అని కూడా పిలుస్తారు.

ఆయన 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. నూజివీడు మామిడిపళ్లకు పేరున్న ఊరు. అప్పట్లో అది కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. ఆయన నాన్నగారిది ప్రభుత్వ ఉద్యోగం. ఆ ఉద్యోగంలో బదిలీలు ఎక్కువ, అంటే ఇవాళ ఒక ఊరు, రేపు ఇంకో ఊరు. అందుకని రంగారావుగారు నాన్నమ్మ దగ్గర మద్రాసులో పెరిగారు. ఇప్పుడు మనం చెన్నై అంటున్న ఊరే ఆ మద్రాసు. ఆ రోజుల్లో తెలుగువాళ్లు, తమిళులు చాలామంది ఆ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవాళ్లు.

మద్రాసులో హిందూ హైస్కూల్లో చదివేటప్పుడు, పదిహేనేళ్ల వయసులో, ఆయన మొదటిసారి బడి నాటకంలో వేషం వేశారు. అంతే, నాటకం ఆయన్ని పట్టేసుకుంది. ఊళ్లో ఎక్కడ నాటకం ఆడినా వెళ్లి చూసేవారు. చూసి ఇంటికొచ్చాక, ఆ నటుడు ఎలా నడిచాడు, ఎలా మాట్లాడాడు అని ఆలోచిస్తూ ఉండేవారు.

తర్వాత విశాఖపట్నంలో ఇంటర్మీడియట్, కాకినాడలో బీఎస్సీ చదివారు.

కాకినాడలో నాటకాలు

కాకినాడ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంఘం ఉండేది. పేరు ఇంగ్లీషులో ఉన్నా, వాళ్లు ఆడేవి తెలుగు నాటకాలు. రంగారావుగారు అందులో చేరారు. తర్వాత పెద్ద సినిమా నటి అయిన అంజలీదేవి, సంగీత దర్శకుడైన ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్బులో పనిచేసినవాళ్లే.

అప్పటి నాటకం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. సినిమాలో అయితే తప్పు జరిగితే మళ్లీ తీయవచ్చు. స్టేజీ మీద ఆ వీలు లేదు. మాట మర్చిపోతే జనం ఊరుకోరు, ఈలలు వేస్తారు. వెనక వరసలో నేల మీద కూర్చున్న మనిషికి కూడా ప్రతి అక్షరం వినపడాలి. అలాగని ఊరికే అరిస్తే సరిపోదు. కోపం వేరుగా వినిపించాలి, బాధ వేరుగా వినిపించాలి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అన్నది నటుడికి తెలిసి ఉండాలి.

రంగారావుగారి గొంతు సహజంగానే గంభీరమైనది. దాన్ని ఎలా వాడుకోవాలో నేర్పింది మాత్రం స్టేజీయే.

నిప్పులార్పే ఉద్యోగం

నాటకాలతో ఇల్లు గడవదు కదా! చదువు అయ్యాక ఆయన ఉద్యోగంలో చేరారు. ఏం ఉద్యోగమో తెలుసా? ఫైర్ ఆఫీసర్! ఎక్కడైనా ఇళ్లు అంటుకుంటే వెళ్లి మంటలు ఆర్పే దళానికి అధికారి అన్నమాట. బందరులో, విజయనగరంలో ఆయన ఆ పని చేశారు.

మంచి ఉద్యోగం, నెలనెలా జీతం. కానీ ఆ పనిలో ఉంటే నాటకాలకు దూరం కావలసి వస్తుంది. ఎప్పుడు గంట మోగుతుందో, ఎక్కడికి పరుగెత్తాలో తెలియదు. ఇంతలో సినిమాలో అవకాశం వచ్చింది. ఆయన ఉద్యోగం వదిలేశారు.

ఆ సినిమా పేరు వరూధిని. మన దేశానికి స్వాతంత్ర్యం రావడానికి కొంచెం ముందు తీశారు. దాని కథ అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్ర అనే పాత కావ్యంలోది. ప్రవరుడు అనే యువకుడు కాళ్లకు మాయ లేపనం రాసుకుని హిమాలయాలకు వెళతాడు. అక్కడి మంచుకు ఆ లేపనం కరిగిపోతుంది. ఇంటికి వెళ్లే దారి తెలియదు. అక్కడ వరూధిని అనే అందగత్తె అతణ్ణి చూసి ఇష్టపడుతుంది. అతను మాత్రం తన ఇల్లే కావాలంటాడు. ఆ ప్రవరుడి వేషం రంగారావుగారిది. అంటే మొదటి సినిమాలోనే ఆయన హీరో!

అయితే సినిమా ఆడలేదు. జనం రాలేదు. ఆయనకు ఇంకో సినిమా ఇస్తామని పిలిచినవాళ్లు లేరు. చేతిలో ఉద్యోగం కూడా లేదు.

జంషెడ్‌పూర్‌కు ప్రయాణం

మీరైతే ఏం చేసేవాళ్లు? ఇంకొన్నాళ్లు ఎదురు చూసేవాళ్లా? వేరే పని వెతుక్కునేవాళ్లా?

రంగారావుగారు పని వెతుక్కున్నారు. జంషెడ్‌పూర్‌లో టాటా కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ ఊరు ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉంది. అక్కడ పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది. పని కోసం దేశం నలుమూలల నుంచి మనుషులు ఆ ఊరికి వెళ్లేవాళ్లు. అలా వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లూ ఉన్నారు. మీ అమ్మానాన్నలు లేదా మీ తాతలు పని కోసం సొంత ఊరు వదిలి వచ్చారు కదా, అలాగే ఆయన కూడా వెళ్లారు.

1947 డిసెంబరులో ఆయనకు లీలావతిగారితో పెళ్లయింది. ఆమె ఆయన మేనమామ కూతురు. ఆ కాలంలో తెలుగు ఇళ్లలో అలాంటి పెళ్లిళ్లు మామూలే. ఇప్పుడు ఆయనకు ఉద్యోగం ఉంది, కుటుంబం ఉంది. కథ ఇక్కడితో అయిపోయినా ఎవరూ తప్పు పట్టరు. ఒకసారి ప్రయత్నించారు, కుదరలేదు, అంతే.

అప్పుడు మద్రాసు నుంచి కబురు వచ్చింది. దర్శకుడు బి.ఎ. సుబ్బారావు పల్లెటూరి పిల్ల అనే సినిమా తీస్తున్నారు. అందులో విలన్ వేషానికి రంగారావుగారు కావాలని పిలిచారు.

చేజారిన వేషం

ఒకసారి దెబ్బ తిన్న మనిషి మళ్లీ ఉద్యోగం వదలడం మాటలు కాదు. ఈసారి ఆయన ఒక్కరే కాదు, ఇంట్లో భార్య కూడా ఉన్నారు. అయినా రాజీనామా చేశారు. మద్రాసుకు వెళ్లాలని సిద్ధమయ్యారు.

సరిగ్గా అప్పుడే ఆయన నాన్నగారు చనిపోయారు. తండ్రి పోతే కొడుకు చేయవలసిన కర్మలు ఉంటాయి. అవన్నీ పూర్తయ్యేదాకా ఎక్కడికీ వెళ్లకూడదు. ఆయన ఇంటికి వెళ్లి ఆ పనులన్నీ ముగించి, అప్పుడు మద్రాసు చేరుకున్నారు.

వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. సినిమావాళ్లు అంతకాలం ఆగలేకపోయారు. ఆయనకు ఇస్తామన్న వేషాన్ని ఎ.వి. సుబ్బారావు అనే నటుడికి ఇచ్చేశారు.

ఒక్కసారి ఆయన పరిస్థితి ఊహించుకోండి. నాన్న లేరు. ఉద్యోగం లేదు. వేషమూ పోయింది. ఆ సినిమాలో నాయిక ఎవరనుకున్నారు? అంజలీదేవి! కాకినాడ క్లబ్బులో పనిచేసిన ఆమె అప్పటికి పేరున్న నటి అయిపోయారు.

రంగారావుగారు వెనక్కి వెళ్లిపోలేదు. అదే సినిమాలో ఒక చిన్న వేషం ఉందంటే ఒప్పుకున్నారు. హీరోగా మొదలుపెట్టిన మనిషి, ఇప్పుడు ఏ వేషమైనా సరే అని నిలబడ్డారు. అలా నిలబడటమే ఆయన జీవితాన్ని మార్చింది. ఎందుకంటే మద్రాసులో ఉంటేనే కదా నలుగురి కంట పడేది!

భయపెట్టి మెప్పించిన మాంత్రికుడు

1950లో విజయా సంస్థ తన మొదటి సినిమా షావుకారు తీసింది. నాగిరెడ్డి, చక్రపాణి అనే ఇద్దరు స్నేహితులు నడిపిన సంస్థ అది. అందులో సున్నం రంగడు అనే రౌడీ వేషం రంగారావుగారికి ఇచ్చారు. ఆయన ఆ చిన్న రౌడీని నిజంగా మన వీధి చివర కనిపించే మనిషిలా చేసి చూపించారు.

ఆ మరుసటి సంవత్సరం, 1951లో, అదే సంస్థ పాతాళ భైరవి తీసింది. దర్శకుడు కె.వి. రెడ్డి. కథ మీకు నచ్చుతుంది. ఉజ్జయినిలో తోటరాముడు అనే తోటమాలి కొడుకు ఉంటాడు. అతనికి రాజకుమారి మీద ప్రేమ. అక్కడికి నేపాళం నుంచి ఒక మాంత్రికుడు వస్తాడు. పాతాళ భైరవి అనే దేవతకు సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇస్తే, అడిగినవన్నీ ఇచ్చే బొమ్మ దొరుకుతుంది. ఆ బలికి తోటరాముణ్ణి వాడుకోవాలని వాడి ఎత్తు!

తోటరాముడు ఎన్.టి. రామారావు. మాంత్రికుడు రంగారావుగారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై రెండేళ్లే. పొడుగాటి గడ్డం, మెరిసే కళ్లు, సాగదీసి పలికే మాటలు. ఆ మాంత్రికుణ్ణి చూసి పిల్లలు భయపడ్డారు, మళ్లీ అతను ఎప్పుడు కనిపిస్తాడా అని ఎదురు చూశారు. సినిమా చాలా పెద్ద విజయం సాధించింది. హీరో రామారావుగారు ఎంత గుర్తుండిపోయారో, మాంత్రికుడూ అంతే గుర్తుండిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. హీరోగా వేసిన వరూధినిని జనం మర్చిపోయారు. హీరోకి ఎదురు నిలబడిన మాంత్రికుణ్ణి డెబ్భై ఏళ్లు దాటినా మర్చిపోలేదు.

ముప్ఫై ఆరేళ్లకే ముసలి నాన్న

రంగారావుగారు విలన్ వేషాలతో ఆగిపోలేదు. 1955లో వచ్చిన మిస్సమ్మ సినిమాలో ఆయన ఒక మంచి జమీందారు. చిన్నప్పుడు తప్పిపోయిన కూతురి కోసం బాధపడే తండ్రి. అప్పటికి ఆయనకు ముప్ఫై ఆరేళ్లు! 1962లో వచ్చిన గుండమ్మ కథలో ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరికీ తండ్రిగా నటించారు. నిజానికి వాళ్లిద్దరూ ఆయన కంటే ఐదారేళ్లు మాత్రమే చిన్నవాళ్లు. సినిమా చూస్తున్నప్పుడు మనకు ఆ అనుమానమే రాదు. ఆయన నడక, కూర్చునే తీరు, కొడుకుల వైపు చూసే చూపు, అన్నీ తండ్రివే.

1955లోనే వచ్చిన బంగారుపాపలో కోటయ్య అనే మొరటు మనిషిగా నటించారు. కోటయ్యకు లోకం మీద కోపం. ఒక రాత్రి అతనికి దిక్కులేని పసిపాప దొరుకుతుంది. ఆ పాపను పెంచుతూ పెంచుతూ కోటయ్య మంచి మనిషిగా మారిపోతాడు. దర్శకుడు బి.ఎన్. రెడ్డి ఈ సినిమాను జార్జ్ ఎలియట్ రాసిన సైలస్ మార్నర్ అనే ఇంగ్లీషు నవల ఆధారంగా తీశారు. మీలో కొందరు పెద్ద తరగతుల్లో ఆ నవల చదవవచ్చు. అప్పుడు కోటయ్యను గుర్తు చేసుకోండి.

మాయాబజార్

ఇప్పుడు మళ్లీ ఘటోత్కచుడి దగ్గరికి వద్దాం.

మాయాబజార్‌లో అభిమన్యుడు, శశిరేఖ ఒకరినొకరు ఇష్టపడతారు. పెద్దవాళ్లు శశిరేఖను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలనుకుంటారు. అప్పుడు ఘటోత్కచుడు వచ్చి, అసలు శశిరేఖను దాచేసి, తనే మాయ శశిరేఖగా మారి పెళ్లివారి మధ్య కూర్చుంటాడు.

శశిరేఖ వేషం వేసింది సావిత్రి. మాయ శశిరేఖను కూడా ఆమే వేయాలి. అంటే పైకి అమ్మాయి, లోపల రాక్షసుడు! అందుకోసం సావిత్రి రంగారావుగారి నడక, మాట, దర్జా అన్నీ పట్టుకున్నారు. సినిమా చూసేటప్పుడు ఈ భాగం జాగ్రత్తగా చూడండి. తెర మీద సావిత్రి ఒక్కరే ఉన్నా, మనకు రంగారావుగారు కూడా కనిపిస్తూనే ఉంటారు.

పెళ్లివారి కోసం వండిన విందునంతా ఘటోత్కచుడు ఒక్కడే తినేసే ఘట్టం పిల్లలందరికీ ఇష్టం. అక్కడ పాట పాడింది మాధవపెద్ది సత్యం. గొంతు ఇద్దరిదీ ఒకటే అనిపించేలా రంగారావుగారు నటించారు.

తెలుగు నేర్చుకునే మీకు ఇంకో ముచ్చట. ఆ సినిమాలో ఘటోత్కచుడి దగ్గర పనిచేసే రాక్షసులకు తెలుగు సరిగ్గా పలకదు. ఒకడు లేని మాట ఒకటి పలుకుతాడు. గురువుకు కోపం వస్తుంది. ఘటోత్కచుడు మాత్రం కోప్పడడు. ఎవరో ఒకరు పుట్టిస్తేనే కదా కొత్త మాటలు వచ్చేది అని వాణ్ణి మెచ్చుకుంటాడు. ఆ మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు. మీరు తెలుగు మాట్లాడేటప్పుడు తప్పు వస్తుందేమో అని భయం వేస్తే, ఈ ఘటోత్కచుణ్ణి తలుచుకోండి.

మాయాబజార్‌ను తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ తీశారు. రెండింటిలోనూ ఘటోత్కచుడు ఆయనే. తమిళ సినిమాల్లో కూడా ఆయనకు మంచి పేరు వచ్చింది. చిన్నప్పుడు మద్రాసులో పెరగడం అలా అక్కరకొచ్చింది.

జకార్తాలో బహుమతి

1963లో నర్తనశాల వచ్చింది. పాండవులు విరాటరాజు కొలువులో మారువేషాల్లో ఉన్నప్పటి కథ ఇది. రాణి తమ్ముడు కీచకుడు. బలం ఉంది, అధికారం ఉంది. తనకు కావలసింది ఎవరూ కాదనకూడదు అనుకుంటాడు. మారువేషంలో ఉన్న ద్రౌపది వద్దని ఎంత చెప్పినా వినడు. చివరికి భీముడి చేతిలో చనిపోతాడు.

కీచకుడు సినిమా అంతా ఉండడు, ముందే చనిపోతాడు. అయినా రంగారావుగారి కీచకుణ్ణి జనం మర్చిపోలేకపోయారు. కళ్లతోనే గర్వం చూపించారు, నడకతోనే చెడ్డతనం చూపించారు. 1964లో ఇండోనేషియా దేశంలోని జకార్తాలో ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవం జరిగింది. అందులో ఉత్తమ నటుడి బహుమతి మన రంగారావుగారికి వచ్చింది. తెలుగు తెలియని వాళ్లు కూడా ఆయన నటనను మెచ్చుకున్నారన్నమాట.

తర్వాత ఆయన దర్శకుడు కూడా అయ్యారు. 1967లో చదరంగం, 1968లో బాంధవ్యాలు అనే సినిమాలు తీశారు. బాంధవ్యాలు సినిమాకు నంది బహుమతి వచ్చింది.

చివరి రోజు, ఆ తర్వాత

1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో రంగారావుగారు చనిపోయారు. యాభై ఆరో పుట్టినరోజు జరిగి పదిహేను రోజులే అయింది. ఆయన నటించిన యశోదకృష్ణ సినిమా ఆయన పోయాక విడుదలైంది.

పద్మశ్రీ లాంటి పురస్కారం ఆయనకు ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి తలుచుకుని తెలుగువాళ్లు ఇప్పటికీ బాధపడతారు. అభిమానులు మాత్రం ఆయనకు విశ్వనట చక్రవర్తి అనే బిరుదు ఇచ్చుకున్నారు. 2013లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మద్రాసు చేరేసరికి వేషం చేజారిపోయిన ఆ రోజున ఆయన మళ్లీ రైలెక్కి వెళ్లిపోయి ఉంటే? మనకు మాంత్రికుడూ ఉండేవాడు కాదు, కీచకుడూ ఉండేవాడు కాదు. ఘటోత్కచుడు ఎలా ఉంటాడని అడిగితే, మీ తాతయ్య కాసేపు ఆలోచించవలసి వచ్చేది.

కొత్త మాటలు

వేషం: నాటకంలో, సినిమాలో నటుడు చేసే పాత్ర
బదిలీ: ఉద్యోగం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారడం
రాజీనామా: ఉద్యోగం వదిలేస్తున్నానని రాసి ఇవ్వడం
కబురు: ఒకరు పంపిన వార్త
చేజారు: దక్కవలసింది దక్కకుండా పోవడం
అక్కరకొచ్చు: అవసరమైనప్పుడు ఉపయోగపడటం
దర్జా: గొప్పగా, ఠీవిగా ఉండటం

ఆలోచించి చెప్పండి

1. రంగారావుగారు ఎన్నిసార్లు ఉద్యోగం వదిలారు? రెండోసారి వదలడం ఎందుకు ఎక్కువ కష్టం?
2. స్టేజీ మీద నటించడానికీ, సినిమాలో నటించడానికీ తేడా ఏమిటి?
3. మద్రాసులో చిన్న వేషానికి ఒప్పుకోవడం సరైన పనేనా? మీరైతే ఏం చేస్తారు?
4. మీకు ఇష్టమైన కథలో హీరో కాని పాత్ర ఒకటి చెప్పండి. అది ఎందుకు ఇష్టం?

ఇంట్లో చేయండి

పెద్దవాళ్లతో కలిసి మాయాబజార్ చూడండి. మాయ శశిరేఖ కనిపించినప్పుడు, రంగారావుగారిలా చేసిన పనులు ఏమిటో లెక్కపెట్టండి. తర్వాత అద్దం ముందు నిలబడి మీరు కూడా ఘటోత్కచుడిలా నవ్వండి. ఇల్లు దద్దరిల్లాలి సుమా!